అల్ వుకైర్ గాలిలో అమ్మ ఫోటో

అల్ వుకైర్ అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఖతార్‌లో ఉన్న తెలుగువాళ్ళకి మాత్రం బాగా తెలుసు. దోహా నుంచి దక్షిణంగా కారులో బయల్దేరితే, ట్రాఫిక్ లేని రోజున, అరగంటలో వచ్చేస్తాం. సముద్రం ఒడ్డున అల్ వక్రా ఉంది. ఒకప్పుడు చేపల వేటకీ, ముత్యాల వేటకీ పేరుపడిన ఊరు. దానికి పడమటి వైపు, సముద్రానికి ఎడంగా ఉంటుంది మా వుకైర్. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్పు చూసినవాళ్ళకి, తెరచాపలెత్తిన పడవలా ఉండే అల్ జనూబ్ స్టేడియం గుర్తుండే ఉంటుంది. జహా హదీద్ గీసిన నమూనా అది. 2019లో తెరిచారు. అది వక్రాలోనే, మాకు దగ్గరే.

చూడ్డానికి ఇక్కడ పెద్దగా ఏమీ ఉండదు. ఒకే రంగు వేసిన, ఒకేలాంటి ఇళ్ళ వరసలు, ఇండియన్ స్కూలు బస్సులు, మసీదులు, సూపర్ మార్కెట్లు. వాటి మధ్య ఇంకా ఎవరూ ఏమీ కట్టని ఖాళీ నేలలు. ఆ నేల మనం సినిమాల్లో చూసే ఎడారి ఇసుక కాదు. గట్టిగా, గులకరాళ్ళతో, గోధుమపిండి రంగులో ఉంటుంది. మా కాంపౌండు వెనక అలాంటి నేలలో ఒక సిద్ర చెట్టు ఉంది. అమ్మ వచ్చిన మూడో రోజు దాని ముందు ఆగిపోయింది. ఆకు తుంచి, తిప్పి చూసి, "ఇది మన రేగు చెట్టే కదే" అంది.

నిజమే. మన రేగుకి దగ్గరి చుట్టమే అది. ఆ కొమ్మల మీద అరిచేవి కూడా మన గోరింకలే. "దీనికోసమా ఇంత దూరం వచ్చింది?" అని నవ్వింది అమ్మ.

అమ్మ డిసెంబరులో వచ్చింది, జనవరి నెలాఖరుకి తిరుగు టికెట్టు. వచ్చిన వారానికి, పప్పులో పోపు వేస్తూ, చాలా మామూలుగా ఒక మాట అంది.

"మీ నాన్న ఫోటో పక్కన పెట్టడానికి నాది ఒక్కటీ లేదే. రేపు ఏదైనా అయితే మీరు నా ఆధార్ కార్డు ఫోటో పెద్దది చేయించి పెడతారు. అందులో నేను దొంగలా ఉంటాను."

"అవేం మాటలమ్మా" అని కసిరాను. కానీ ఆ రాత్రి ఫోనులో, పాత ఆల్బముల్లో వెతికితే అమ్మ చెప్పింది నిజమే. పెళ్ళిళ్ళ గుంపుల్లో ఉంది, మా పిల్లల్ని ఎత్తుకుని ఉంది, ఎవరికో వడ్డిస్తూ ఉంది. అమ్మ ఒక్కతే ఉన్నది లేదు.

మా నాన్నకి తణుకులో ఫోటో స్టూడియో ఉండేది. ఊళ్ళో సగం పెళ్ళిచూపుల ఫోటోలు ఆయన తీసినవే. హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్, ఘోషాలో ఉండే ఆడవాళ్ళ కోసం 1892లోనే విడిగా ఒక జనానా స్టూడియో పెట్టి, అందులో ఫోటోలు తీయడానికి కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడని పెట్టారని నాన్న ఎంతో గొప్పగా చెప్పేవారు. ఆ కథ విన్న మా ఇంట్లో, నూరేళ్ళ తర్వాత కూడా, అమ్మకి ఒక్క ఫోటో లేదు! అమ్మ ఎప్పుడూ కెమెరాకి ఇవతల పక్కే. గొడుగు లైటు పట్టుకుని, పెళ్ళికూతురి కుచ్చిళ్ళు సర్ది, ఆరుబయట గాలేస్తే స్టాండు కాలు కదలకుండా కాలితో తొక్కిపట్టి.

నాన్న పోయాక నేను తెచ్చుకున్నది ఒక్కటే, ఆయన మమియా ఆర్‌బీ 67. 1988లో మద్రాసు వెళ్ళి సెకండ్ హ్యాండులో కొన్న కెమెరా. 120 రోల్ ఫిల్ము మీద ఆరు సెంటీమీటర్లకి ఏడు సెంటీమీటర్ల బొమ్మ వస్తుంది. మామూలు 35 ఎం.ఎం. ఫిల్ము మీద వచ్చే బొమ్మకి దాదాపు నాలుగున్నర రెట్లు. అందుకే అంత పెద్ద ప్రింటులోనూ చీర అంచు దారం దారం కనిపిస్తుంది. రోలుకి పదే ఫోటోలు. మా వంటింటి తూకం మీద పెడితే, 90 ఎం.ఎం. లెన్సుతో కలిపి 2 కిలోల 700 గ్రాములు తూగింది. చక్రాల ఇనప స్టాండు తణుకులోనే ఉండిపోయింది. దాన్ని విమానంలో ఎవరు తెస్తారు!

సరే, అమ్మ ఫోటో ఆ కెమెరాతోనే తీయాలనుకున్నాను. నా చిన్న డిజిటల్ కెమెరాకి వాడే అల్యూమినియం ట్రైపాడ్ ఉంది. కాళ్ళు గట్టివే. దాని మీద బాల్ హెడ్, అంటే లోపల ఒక గుండు, దాన్ని బిగించడానికి ఒక మర. అట్ట మీద 8 కిలోలు మోస్తుందని రాసి ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం సిద్ర చెట్టు దగ్గర అమ్మని నిలబెట్టాను. ఆ రోజు షమాల్ వీస్తోంది. అరబ్బీలో షమాల్ అంటే ఉత్తరం. వాయవ్యం నుంచి వచ్చే గాలి ఇది. ఈ ఖాళీ నేలల్లో దాన్ని ఆపేది ఏదీ లేదు. అమ్మ మొహం సరిగ్గా మధ్యలో పెట్టి, మర బిగించి, చెయ్యి తీశాను. కెమెరా మెల్లగా ముందుకి తలవాల్చింది, బస్సులో కునుకు తీసే మనిషిలా. మళ్ళీ పైకెత్తి బిగించాను. మళ్ళీ వాలింది. చివరికి ఎంత వాలుతుందో లెక్కేసుకుని, ఆ మేరకు పైకి గురిపెట్టి, పది ఫోటోలూ తీసేశాను.

ఇంట్లో పిల్లల బాత్రూంలో ఫిల్ము కడుగుతాను నేను. డెవలపరు నీళ్ళు 20 డిగ్రీలు ఉండాలి. ఎండాకాలంలో ఇక్కడ చన్నీళ్ళ కుళాయి తిప్పినా వేడినీళ్ళే వస్తాయి. చలికాలం ఆ బాధ లేదు. నెగటివ్ ఆరేశాక చూస్తే నాలుగింటిలో అమ్మ నడినెత్తి కోసుకుపోయింది. మిగతా ఆరింటిలో అమ్మ ఒకరికి ఇద్దరుగా ఉంది. ఒక్కటీ పనికొచ్చేది కాదు.

ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం నెగటివ్‌ని ట్యూబులైటుకి అడ్డం పెట్టి, అలవాటైన కళ్ళతో చూసి, "గాలి కాదే. నీ స్టాండుకి తల సరిగ్గా లేదు" అంది.

"అట్ట మీద 8 కిలోలు అని ఉందమ్మా."

"మొయ్యడానికేం, పీట కూడా మోస్తుంది. మీ నాన్న కొత్త స్టాండు ఏది చూసినా, కెమెరా ఎక్కించి, బిగించి, అద్దంలో చూస్తూ లెన్సు ముక్కు మీద వేలితో నొక్కేవారు. వేలు తీశాక బొమ్మ మొదటి చోటికే వచ్చిందా లేదా అని. రాకపోతే ఎంత చవకైనా కొనేవారు కాదు."

నేను స్టూడియోలో పెరిగాను. నాన్న పక్కన కూర్చుని ఎన్నో నేర్చుకున్నాననుకున్నాను. ఈ సంగతి మాత్రం స్టాండు కాలు తొక్కిపట్టిన అమ్మకి తెలుసు, నాకు తెలియదు.

ఆ తర్వాత రెండు వారాలు నాకు ట్రైపాడ్ తలల మీదే ధ్యాస. మీలో పాత కెమెరాలు బయటికి తీస్తున్నవాళ్ళు ఉంటే పనికొస్తుందని, తెలుసుకున్నవి చెబుతాను.

అట్ట మీద రాసే బరువు, కెమెరా నిటారుగా, సరిగ్గా మధ్యలో ఉన్నప్పటి మాట. కెమెరాని ముందుకి వంచితే లెక్క మారిపోతుంది. బిందె చంకన పెట్టుకుని నడవడానికీ, అదే బిందెని చెయ్యి చాపి పట్టుకోవడానికీ ఉన్న తేడా. పైగా నాన్న కెమెరాకి ముందు బెలోస్ ఉంటుంది, హార్మోనియం తిత్తిలాగా. దగ్గరి మనిషికి ఫోకస్ చెయ్యాలంటే లెన్సు ముందుకి జరుగుతుంది, దాంతో బరువూ ముందుకి జరుగుతుంది. అందుకే కెమెరా బరువుకి కనీసం రెండు మూడు రెట్లు మోస్తానని చెప్పే తలనే తీసుకోమంటారు. నా బాల్ హెడ్డుకి కాగితం మీద అదీ ఉంది. అయినా వాలింది. ఒక్క మర వదులు చేస్తే అన్ని వైపులా వదిలేయడం దాని గుణం. చిన్న కెమెరాకి అది సుఖం. బరువైనదానికి గుండు పెద్దదిగా, పట్టు గట్టిగా ఉన్న ఖరీదైన రకాలే నిలుస్తాయి.

రెండో రకం, మూడు పిడుల తల. కుడి ఎడమలకి ఒక పిడి, ముందు వెనకలకి ఒకటి, పక్కకి ఒరగడానికి ఒకటి. ఒకటి వదులు చేస్తే మిగతా రెండూ ఉన్నచోటే ఉంటాయి. మూడో రకం గేర్ హెడ్. పిడి బదులు చక్రం తిప్పాలి. గడియారానికి కీ ఇచ్చినట్టు నెమ్మదిగా కదులుతుంది, వదిలిన చోట ఆగుతుంది. మన్‌ఫ్రోటో వాళ్ళ 410 అనే చిన్న గేర్ హెడ్ 5 కిలోలు మోస్తుంది. దాని అన్న 405 ఏడున్నర కిలోలు మోస్తుంది, కానీ అదే ఒక కిలో ఆరువందలు ఉంటుంది.

ఇక్కడ నాన్న కెమెరాలోని ఒక సంగతి నాకు కలిసొచ్చింది. మామూలు కెమెరాతో నిలువు ఫోటో కావాలంటే కెమెరాని పక్కకి పడుకోబెట్టాలి. అప్పుడే తలకి పెద్ద పరీక్ష. ఆర్‌బీ అంటే తిరిగే వీపు అని అర్థం. వెనకున్న ఫిల్ము డబ్బాని తిప్పితే చాలు, కెమెరా నిటారుగానే ఉంటుంది. కాబట్టి అన్ని వైపులా ఒంగే తల నాకు అక్కర్లేదు. ముందు వెనకలకి గట్టిగా నిలబడేది ఒకటి ఉంటే చాలు.

దోహాలో ఒక కెమెరా షాపుకి నాన్న కెమెరాని సంచిలో పెట్టుకుని వెళ్ళాను. కౌంటరులో ఉన్న మలయాళీ అబ్బాయి దాన్ని చూసి, "చేచీ, ఇది మ్యూజియందా?" అన్నాడు. మూడు రకాల తలలూ తెచ్చి వరసగా పెట్టాడు. ఒక్కొక్కదాని మీద కెమెరా ఎక్కించి, బిగించి, పైనుంచి అద్దంలోకి చూస్తూ లెన్సు ముక్కు నొక్కాను. బాల్ హెడ్ మీద బొమ్మ కిందికి జారి అక్కడే ఉండిపోయింది. మిగతా రెండూ మళ్ళీ చోటికొచ్చాయి. ఆ అబ్బాయి కూడా ఒకసారి నొక్కి చూసి తలూపాడు. గేర్ హెడ్ నాకు బాగా నచ్చింది. ధర చూసి, నెలాఖరు ఖర్చులు గుర్తొచ్చి, దండం పెట్టి వచ్చేశాను.

గల్ఫులో ఉన్నవాళ్ళకి తెలుసు. ఇక్కడ మనకి కావలసిన వస్తువు షాపులో కంటే, దేశం విడిచి వెళ్ళిపోయేవాళ్ళ ఇంట్లోనే ముందు దొరుకుతుంది. ప్రతి నెలా కాంపౌండు గ్రూపులో ఎవరో ఒకరు సోఫా, వాషింగ్ మెషీను, పిల్లల సైకిలు ఫోటోలు పెడతారు. కింద, ఫలానా తేదీకి వెళ్ళిపోతున్నాం అని ఉంటుంది. అలా సంక్రాంతికి వారం ముందు కనిపించింది ఒక పాత మూడు పిడుల మన్‌ఫ్రోటో. పద్నాలుగేళ్ళు ఇక్కడ పనిచేసి తిరిగి వెళ్ళిపోతున్న ఒక పెద్దాయనది. హాల్లో కట్టిన అట్టపెట్టెల మధ్య, కెమెరా ఎక్కించి ముక్కు నొక్కి చూశాను. బొమ్మ చోటు మారలేదు. 300 రియాళ్ళు. ఆయన భార్య నాకు టీ ఇచ్చి, నా చేతిలో ఉన్నది చూసి, "అది కూడా వెళ్ళిపోయిందా" అంది. ఆ మాట ఎంతసేపో చెవిలోనే ఉంది.

ఇంటికి తెచ్చాక ఇంకో రెండు జాగ్రత్తలు తీసుకున్నాను. తలని కాళ్ళకి బిగించే మర సాధారణంగా 3/8 అంగుళాలు, కెమెరాకి బిగించేది 1/4 అంగుళం. మీ కాళ్ళకి తల ఊడి వస్తుందో లేదో, మర సరిపోతుందో లేదో కొనకముందే చూసుకోండి. చవక స్టాండ్లకి చాలావాటికి తల ఊడదు. రెండోది, కెమెరా కింద పలకని వేళ్ళతో కాకుండా నాణెంతో బిగించండి. తల ఎంత గట్టిదైనా పలక వదులైతే కెమెరా తిరిగిపోతుంది. నేను మన రూపాయి బిళ్ళ వాడాను.

భోగి రోజు సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ సిద్ర చెట్టు దగ్గరికి వెళ్ళాం. జనవరి మధ్యలో ఇక్కడ ఐదు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. ఆ చివరి అరగంట వెలుతురు, నేలంతా లేతరంగు కావడంతో, కింద నుంచి కూడా మొహం మీద పడుతుంది. వేరే రిఫ్లెక్టరు అక్కర్లేదు. దారిలో ఎవరూ లేరు. ఉన్నా, ఇక్కడ ఎవరినీ అడక్కుండా ఫోటోలోకి తీసుకోకూడదు. మర్యాద కూడా, చట్టం కూడా.

గాలి ఆ రోజూ ఉంది. ట్రైపాడ్ నడుం రాడ్డు పైకి లాగలేదు, లాగితే ఊపు ఎక్కువవుతుంది. కాళ్ళు వెడల్పుగా పెట్టి, 5 కిలోల బాస్మతి బియ్యం సంచిలో అక్కడి మట్టీ గులకరాళ్ళే నింపి, మధ్యలో కొక్కేనికి వేలాడదీశాను. నేలకి ఆనీ ఆననట్టు, ఊగకుండా. అమ్మ ఆ సంచిని చూసి, "అది నా పని" అంది.

"ఇవాళ నీ పని అక్కడ నిలబడ్డమే" అన్నాను.

గంధం రంగు పట్టుచీర, మెడలో నల్లపూసలు లేవు, సన్న గొలుసు. ఫోకస్ చేశాను. ముందు వెనకల పిడి బిగించాను. ముక్కు నొక్కి చూశాను. కదల్లేదు.

ఈ కెమెరాలో పెద్ద అద్దం ఒకటి ఉంటుంది. ఫోటో తీసే క్షణాన అది టప్పున పైకి లేస్తుంది. ఆ దెబ్బకే కెమెరా అదురుతుంది. అందుకని నెమ్మది షట్టరు వాడేటప్పుడు ముందే అద్దాన్ని పైకి లేపి, అదురు ఆగేదాకా రెండు క్షణాలు ఆగి, అప్పుడు కేబుల్ రిలీజ్ నొక్కాలి. ఇబ్బంది ఏమిటంటే, అద్దం లేచాక మనకి ఏమీ కనపడదు. పైన అంతా చీకటి. ఆ రెండు క్షణాల్లో తల వాలినా మనకి తెలియదు. మంచి తల ఎందుకు కొనాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. మనం చూడలేని ఆ రెండు క్షణాలూ అది మనం పెట్టినచోటే ఉండాలి.

అద్దం లేపాను. ఇక కెమెరాలో చూడ్డానికేం లేదు. తలెత్తి అమ్మ వైపు చూశాను.

"తీశావా?" అంది.

"ఇంకా లేదు."

"మరి నేనెక్కడ చూడాలి?"

"నా వైపే చూడు."

అమ్మ ఒక్క క్షణం తడబడింది. "మీ నాన్న ఎప్పుడూ ఆ డబ్బాలోకే తలొంచుకుని చూసేవారు" అంది. అని, నా వైపు చూసింది.

అప్పుడు నొక్కాను.

పది తీశాను. అదే రాత్రి, చిన్నదానికి భోగిపళ్ళు పోసి, వచ్చినవాళ్ళందరికీ శనగలూ, తాంబూలాలూ ఇచ్చి పంపాక, ఫిల్ము కడిగాను. పదింటిలో ఎనిమిది నిలబడ్డాయి. ఒకదాంట్లో అమ్మ కళ్ళు మూసింది, ఇంకోదాంట్లో కొంగు ఎగిరి మొహానికి అడ్డమొచ్చింది. మూడోది ప్రింటు వేయించాను. వెనక సిద్ర కొమ్మలు గాలికి చెదిరిపోయి మబ్బులా ఉన్నాయి. అమ్మ మాత్రం కదల్లేదు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "కుచ్చిళ్ళు సర్దుకోమని చెప్పొచ్చు కదే" అంది. తర్వాత కాసేపటికి, "బాగుంది" అంది.

నెలాఖరున అమ్మ వెళ్ళిపోయింది. ప్రింటు ఒకటి పెట్టెలో అడుగున, రెండు చీరల మధ్య పెట్టుకుంది. ఇంకోటి నాకు ఇస్తూ, "ఇప్పుడే గోడకెక్కించకు. అల్మరాలో దాచు" అంది.

దాచాను. ట్రైపాడ్ మా హాల్లో ఒక మూల నిలబడి ఉంది. తుడిచినప్పుడల్లా అలవాటుగా పిడులు ఒకసారి బిగించి చూస్తాను. మీ ఇంట్లో ఎప్పుడూ ఫోటోలు తీసేవారెవరో, పక్కన నిలబడి పట్టుకునేవారెవరో, వాళ్ళ ఫోటో ఒక్కటైనా ఉందో లేదో ఈ సెలవుల్లో ఒకసారి వెతకండి. ఫోనుతో తీసినా సరే. కాస్త కదలకుండా తీయండి.